బరంపురంలో అద్దె గది

గొప్ప కళాశాల పట్టణానికి విశాలమైన ఆవరణ, వసతిగృహాలే ప్రధానమని, అలాంటి పట్టణాల గురించి నేను చదివిన ఒక వ్యాసంలో వ్యాసకర్త రాశారు. ఒడిశాలోని బరంపురంలో చదువుకున్న నాకు ఆ లెక్క కుదరడం లేదు. 1967లో ఏర్పడిన బరంపురం విశ్వవిద్యాలయం ఊరికి దూరంగా భంజవిహార్‌లో ఉంది. అక్కడ స్థలానికి కొరత లేదు, అయినా సాయంత్రమయ్యేసరికి విద్యార్థులు బస్సెక్కి ఊళ్లోకే వచ్చేవారు. వి.వి.గిరి చదివిన ఖల్లికోట కళాశాల ఊళ్లోనే ఉండటంతో, తరగతి వదిలిన పది నిమిషాలకే టిఫిను బండి దగ్గర ఒడియా, తెలుగు కలగలిపి వాదించుకునేవాళ్లం. కాలేజీకి నడిచి వెళ్లగల దూరంలో, విద్యార్థి భరించగల అద్దెకు గది దొరుకుతుందా అన్నదే నేను మొదట చూస్తాను. మా ఇంటి యజమానురాలు, తెలుగావిడే, పరీక్షల నెలలో అద్దె పది రోజులు ఆలస్యమైనా అడిగేవారు కాదు. కరెంటు బిల్లు మాత్రం పైసాతో సహా వసూలు చేసేవారు.