ఒకరు చదువుతుండగా మరొకరు చదవరాదు

లైబ్రరీ ఈ-బుక్ తెరవగానే "ఈ పుస్తకాన్ని ప్రస్తుతం మరొక పాఠకుడు చదువుతున్నారు, దయచేసి కొంతసేపటి తర్వాత ప్రయత్నించండి" అని తెర మీద వస్తే కోపం తెచ్చుకోకండి. మీరు ఒక మహత్తర సాంకేతిక విజయాన్ని కళ్ళారా చూస్తున్నారు. ఫైలన్నది ఎంతమంది తెరిచినా చిరగదు. వెయ్యిమంది ఒకేసారి చదివినా ఒకరి మోచెయ్యి ఇంకొకరికి తగలదు. అలాంటి వస్తువుని పట్టుకుని, కాగితం పుస్తకానికున్న లోపాలన్నీ ఒక్కొక్కటే ఏరి దానికి అతికించడం మాటలా? ఇంజనీర్లు ఎన్ని రాత్రులు నిద్ర మానుకున్నారో పాపం!

పుస్తకాలు కొనే మా అక్విజిషన్ సెక్షన్‌లో దీన్ని సింగిల్ యూజర్ లైసెన్స్ అంటాం. ఒక పుస్తకం, ఒక మనిషి. ముగ్గురు చదివేది కావాలంటే అదీ ఉంది, ధర వేరు. ఎంతమందైనా చదవగలిగే లైసెన్సు కూడా ఉంటుంది, అయితే సరిగ్గా మనకు కావలసిన పుస్తకానికి మాత్రం ఉండదు. రేపు పరీక్ష అనగా ఈ రాత్రి తరగతి మొత్తానికీ అదే అధ్యాయం కావాలి. ముందుగా తెరిచిన కుర్రాడు రెండు పేజీలు చదివి, కీబోర్డు మీద తల వాల్చి నిద్రపోయాడు. సిస్టమ్ లెక్క ప్రకారం అతను శ్రద్ధగా చదువుతున్నాడు. బుగ్గ డౌన్ బటన్ మీద పడిందేమో, పేజీలు కూడా తిరుగుతున్నాయి, ఇంకేం అనుమానం! అర్ధరాత్రి దాటాక మెలకువ వచ్చి, నాలుగు పేజీలు ప్రింట్ తీసుకుందామని చూస్తే "మీ ప్రింటింగ్ పరిమితి పూర్తయింది" అంటుంది. పొద్దున తరగతి మొత్తం వచ్చి తిట్టేది ఎవర్ని? పబ్లిషర్‌నా? కౌంటర్ దగ్గర కూర్చున్న మమ్మల్ని.

2011లో హార్పర్‌కాలిన్స్ ప్రచురణ సంస్థ ఈ శాస్త్రాన్ని ఇంకో మెట్టు పైకి తీసుకెళ్ళింది. పబ్లిక్ లైబ్రరీలకిచ్చే ఈ-బుక్కు 26 సార్లు అరువిచ్చాక ఆయుష్షు తీరిపోతుందని తేల్చింది. 27వ పాఠకుడు వస్తే లైబ్రరీ మళ్ళీ కొనుక్కోవాలి. అచ్చు పుస్తకం కూడా కొన్నిసార్లు చేతులు మారాక పాడవుతుంది కదా అన్నది వాళ్ళ తర్కం. నాకు చాలా నచ్చింది. సగంలో ఆపేశారన్నదే నా బాధ. ఫైలుకి చెదలు పట్టొద్దా? వానాకాలం బూజు వాసన రావద్దా? ముఖ్యమైన బొమ్మున్న పేజీని ఎవరో బ్లేడుతో కోసుకుపోయి ఉండొద్దా? మార్జిన్లలో ఎప్పటివో ప్రేమికుల పేర్లు, వాటి పక్కన వేరే చేతిరాతతో వెటకారాలు... అవి లేకుండా పుస్తకం అరిగిందంటే ఎవరు నమ్ముతారు?

అచ్చు పుస్తకాలు కొనడం పూలబాట అని నేననను. ప్రొఫెసర్ గారు పంపే సిఫారసు చీటీలో "నీలం అట్ట, రచయిత పేరు మీకు తెలిసే ఉంటుంది, అర్జెంట్" అని మాత్రమే ఉంటుంది. పుస్తకం గుర్తింపు సంఖ్య ఐఎస్‌బీఎన్ సంగతి చూడండి: ఒకే పుస్తకానికి గట్టి అట్టకో ఐఎస్‌బీఎన్, మెత్తటి అట్టకో ఐఎస్‌బీఎన్, ఈ-బుక్కుకో ఐఎస్‌బీఎన్. ఒక్కోటి 13 అంకెలు. ఒకటి అడిగితే ఇంకోటి దిగుతుంది. ఏడాదంతా డబ్బు లేదంటారు, ఆర్థిక సంవత్సరం చివరి వారంలో డబ్బు పంపి ఖర్చు చెయ్యకపోతే వెనక్కి లాగేసుకుంటామంటారు. బిల్లు పాసైన రోజే కొత్త ఎడిషన్ వస్తుంది. జర్నళ్ళకి, అంటే పరిశోధన పత్రికలకి, ముందుగానే డబ్బు కట్టాలి, కట్టాక ఆ డబ్బు పబ్లిషర్లకి చేర్చే మధ్యవర్తి దివాలా తియ్యకుండా ఉండాలి. వందేళ్ళకు పైబడిన డచ్చి కంపెనీ స్వెట్స్ 2014లో అలాగే దివాలా తీసి, ఎన్నో లైబ్రరీల అడ్వాన్సుల్ని ముంచింది. అయినా ఇవన్నీ మనుషులు పెట్టే తిప్పలు, తిట్టుకుంటూ బతికెయ్యొచ్చు. పుస్తకమంటూ వచ్చి, ముద్ర పడి, అక్సెషన్ రిజిస్టర్‌లో, అంటే లైబ్రరీ సొంత పుస్తకాల చిట్టాలో, నంబరు ఎక్కిందంటే ఇక అది మాది. పబ్లిషర్ మూతబడినా మాదే.

అలా మాది కావడమే వాళ్ళకి గిట్టలేదు. ఈ గొడవ పాతదే. అమెరికాలో ఒక ప్రచురణ సంస్థ, డాలరుకన్నా తక్కువకి అమ్మితే కాపీరైట్ ఉల్లంఘనే అని నవల లోపలే నోటీసు అచ్చువేసింది. మేసీస్ దుకాణం వాళ్ళు దాన్ని 89 సెంట్లకి అమ్మారు. కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. ఒకసారి అమ్మేశాక ఆ కాపీ మీద నీ పెత్తనం చెల్లదని 1908లో కోర్టు చెప్పింది. అక్కడి లైబ్రరీలు ఎవరి అనుమతీ అడక్కుండా పుస్తకాలు అరువివ్వగలుగుతున్నది ఆ సూత్రం పుణ్యమే. పబ్లిషర్లు ఆ తీర్పుని ఎంతో శ్రద్ధగా చదివారు. చదివి, అందులోని సారాన్ని గ్రహించారు: అమ్మితేనే కదా ఈ తలనొప్పి, అసలు అమ్మకుండా ఉంటే? అలా పుట్టింది లైసెన్స్: పుస్తకం వాళ్ళదే, చదువుకునే అనుమతి మాత్రం మనకి.

ఇప్పుడు మేం పుస్తకం ధర అడిగితే ఏం జరుగుతుందో చూడండి. లోహశాస్త్రం జర్నళ్ళ డేటాబేస్ ఒకటి కావాల్సి వచ్చింది. కంపెనీ ప్రతినిధి ఫోన్లోకి వచ్చాడు. చాలా మర్యాదస్తుడు.

"ధరెంతండీ?"

"మీ దగ్గర విద్యార్థులెంతమంది సార్?"

"ఈ డిపార్ట్‌మెంట్‌లోనా?"

"మొత్తం యూనివర్సిటీలో సార్."

"ఇది లోహాల గురించి కదండీ. మా దగ్గర సంగీతం విద్యార్థులు కూడా ఉన్నారు."

"వాళ్ళకి కూడా యాక్సెస్ వస్తుంది సార్."

"వాళ్ళకి అక్కర్లేదండీ."

"అక్కర్లేకపోయినా వస్తుంది సార్."

"వయొలిన్ నేర్చుకునే అమ్మాయికి లోహశాస్త్రం ఎందుకండీ?"

ఒక్క క్షణం ఆలోచించాడు. "వయొలిన్ తీగలు లోహమే కదా సార్!"

దానికి నా దగ్గర జవాబు లేదు. తత్వశాస్త్రం వాళ్ళని ప్రస్తావించబోయి, దానికీ ఏదో ఒక లోహం తీస్తాడన్న భయంతో మానుకున్నాను.

"సరే, మాకు అందులో నాలుగు జర్నళ్ళు చాలు. ఆ నాలుగే ఇవ్వండి."

"ఇస్తాం సార్. కాకపోతే విడిగా తీసుకుంటే మొత్తం ప్యాకేజీ కన్నా ఎక్కువవుతుంది."

"నాలుగు వందల జర్నళ్ళ కన్నా నాలుగు ఎక్కువా?"

"మీ మేలు కోరే చెబుతున్నాను సార్."

"పోయినేడాది ధరకన్నా ఎంత పెంచారు?"

"కొంచెమే సార్. ఈసారి ఏఐ అసిస్టెంట్ కూడా పెట్టాం."

"అది మాకొద్దు. తీసేస్తే ఎంత తగ్గుతుంది?"

"తగ్గదు సార్. అది ఉచితం."

"అధ్యాపకుల్ని కూడా లెక్కలో వేస్తారా?"

"తప్పకుండా సార్."

"మా ప్రొఫెసర్ గారి వ్యాసాలు మీ డేటాబేస్‌లో బోలెడున్నాయండీ. డబ్బు తీసుకోకుండా రాశారు. వేరేవాళ్ళ వ్యాసాలు కూడా డబ్బు తీసుకోకుండా మీకు రివ్యూ చేసి పెడతారు."

"అవునా సార్! మా తరఫున ఆయనకి థాంక్స్ చెప్పండి. ఆయన్ని ఒక యూజర్ కింద వేసుకుంటున్నాను."

జీతం యూనివర్సిటీది, ల్యాబు యూనివర్సిటీది, రాత ఆయనది, రివ్యూ ఇంకో యూనివర్సిటీ ఆయనది, చివరికి బిల్లు మాత్రం లైబ్రరీకి. ఆ వ్యాసం ఎవరైనా అడిగితే ప్రొఫెసర్ గారు ఆనందంగా ఇచ్చేస్తారు. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడు మరి. ఈ పూజారులకి దక్షిణ చెల్లించలేక హార్వర్డే చేతులెత్తేసింది. జర్నళ్ళకే ఏటా 37.5 లక్షల డాలర్ల దాకా అవుతోంది, ఇక మావల్ల కాదని 2012 ఏప్రిల్‌లో అక్కడి అధ్యాపకుల సలహా సంఘం రాసింది. కాలిఫోర్నియా యూనివర్సిటీ 2019లో జర్నళ్ళ పబ్లిషర్ ఎల్సెవియర్‌కి దణ్ణం పెట్టి బయటికొచ్చి, రెండేళ్ళు లేకుండానే నెట్టుకొచ్చి, 2021లో కొత్త ఒప్పందం రాయించుకుంది. అంత బలగం ఉంటే అలా తెగించొచ్చు. ఆ బలగం లేని లైబ్రరీ అలిగి కూర్చుంటే కంపెనీకి ఆ సంగతి తెలియడానికే ఏడాది పడుతుంది.

ఇంతవరకూ నవ్వుకోవచ్చు. 2022 ఆగస్టు సంగతికి మాత్రం నాకు నవ్వు రాదు. ప్రోక్వెస్ట్ అమ్మే ఒక పెద్ద ఈ-బుక్కుల సంకలనం నుంచి వైలీ ప్రచురణ సంస్థ 1,379 పుస్తకాల్ని తీసేసింది. ఎప్పుడు? ఎన్నో చోట్ల కొత్త టర్మ్ మొదలయ్యే సమయానికి. సిలబస్‌లు ఖరారయ్యాక, పిల్లలకి లింకులు ఇచ్చాక. లైబ్రరీలూ అధ్యాపకులూ గోల పెడితే, దయతలిచి 2023 జూన్ దాకా తిరిగి పెట్టారు. ఎవరిని అడిగి తీశారు? ఎవరినీ అడగక్కర్లేదు, ఒప్పందంలో అలాగే ఉంటుంది. రాత్రికి రాత్రి ఒక మనిషొచ్చి మా షెల్ఫులోంచి పుస్తకాలు ఎత్తుకెళితే పోలీసులకి ఫోన్ చేస్తాం. ఇక్కడ ఎత్తుకెళ్ళినవాడే వచ్చే ఏడాది రెన్యువల్ నోటీసు పంపుతాడు, గడువు దాటితే యాక్సెస్ ఆపేస్తానని బెదిరిస్తాడు.

అది చాలదన్నట్టు, ప్రోక్వెస్ట్‌ని నడిపే క్లారివేట్ 2025 ఫిబ్రవరిలో ఇంకో కబురు చెప్పింది. ఒకసారి డబ్బు కట్టి ఈ-బుక్కుని శాశ్వతంగా తీసుకునే పద్ధతి ఎత్తేస్తాం, ఇకపైన చందాయే అని. మళ్ళీ గోల, మళ్ళీ దయ, గడువు 2026 జూన్ దాకా పొడిగింపు. డబ్బున్న ఏడు కొని దాచుకుని, లేని ఏడు దాచుకున్నదాంతో నెట్టుకురావడం, లైబ్రరీ అంటేనే అది. ఇక ఒక్క ఏడాది బడ్జెట్ కోత పడితే చాలు, ఇన్నేళ్ళు చందా కట్టినవి కూడా మాయమైపోతాయి. దీన్ని వ్యాపారమనకండి, సిగ్గులేనితనం అనండి. పుస్తకం కొనుక్కునే స్తోమత ఉన్న పిల్లలకి దీనివల్ల ఏ నష్టమూ లేదు. లైబ్రరీ తప్ప వేరే దిక్కులేని పిల్లే అర్ధరాత్రి పూట "తర్వాత ప్రయత్నించండి" అన్న మాట చూసి, ల్యాప్‌టాప్ మూసేసి, చదవకుండా పరీక్షకి వెళ్ళేది. ఆ పిల్లకి తక్కువ మార్కులొస్తే, సరిగ్గా చదవలేదని రాస్తాం.

లోహాల డేటాబేస్ ఏమైందంటారా? తీసుకున్నాం, తీసుకోక చస్తామా. ఎంతకి కుదిరిందో చెప్పి ఈ వ్యాసం ముగిద్దామనుకున్నాను గానీ, ధర బయటపెట్టరాదని ఒప్పందంలో ఒక నిబంధన ఉంది. పక్క యూనివర్సిటీ లైబ్రేరియన్ గారు కూడా అదే కాగితం మీద సంతకం పెట్టారట. మొన్న ఒక మీటింగ్‌లో ఇద్దరం పక్కపక్కనే కూర్చున్నాం. ఆయన మొహం చూస్తే నాకన్నా ఎక్కువే కట్టినట్టున్నారు.