కారు పాలిష్ పొరను పెంచదు, అరగదీస్తుంది

కార్లున్నవారి వాట్సాప్ గ్రూపుల్లో కొన్ని వారాలుగా ఒక సందేశం తిరుగుతోంది. మెషిన్ లేకుండా చేత్తోనే కారును అద్దంలా మెరిపించవచ్చని, కారును ఎండలో నిలిపితే పాలిష్ పెయింటులోకి బాగా ఇంకుతుందని, ఎంత బలంగా గుండ్రంగా రుద్దితే అంత మెరుపు వస్తుందని, పాలిష్ దొరక్కపోతే టూత్‌పేస్టు సరిపోతుందని, నెలనెలా ఇలా చేస్తే పెయింటు మీద రక్షణ పొర మందమవుతుందని దాని సారాంశం. విజయవాడ భవానీపురంలో మా అపార్టుమెంటు సెల్లారులో పక్క ఫ్లాటు బాబాయిగారు దీన్ని అక్షరాలా పాటించి తన నల్ల కారు బానెట్‌ను సాలెగూడులా గీతలమయం చేసుకున్నారు. అందుకే ఇందులోని ఒక్కొక్క మాటకూ సమాధానం రాయవలసి వచ్చింది.

చివరి మాటతోనే మొదలుపెడతాను, ఎందుకంటే మిగిలిన పొరపాట్లన్నిటికీ మూలం అదే. పాలిష్ అనేది పూత కాదు. అందులో అల్యూమినియం ఆక్సైడ్ వంటి గట్టి పదార్థపు అతి సన్నని రేణువులుంటాయి, అవి పెయింటు ఉపరితలాన్ని కొద్దికొద్దిగా అరగదీస్తాయి. ఇప్పటి కార్లలో రంగు మీద క్లియర్ కోట్ అనే పారదర్శకమైన పొర ఉంటుంది, దాని మందం సాధారణంగా 35 నుంచి 50 మైక్రాన్లు, అంటే మన తలవెంట్రుక కంటే పలుచన. ఆ పొర మీది సన్నని గీతల అంచుల దగ్గర వెలుగు చెదిరిపోవడం వల్లనే కారు మసకగా కనిపిస్తుంది, ఆ అంచులను అరగదీసి చదును చేసినప్పుడు వెలుగు తిన్నగా తిరిగివచ్చి రంగు లోతుగా కనిపిస్తుంది. కనుక పాలిష్ చేసిన ప్రతిసారీ కొంత క్లియర్ కోట్ పోతుంది. ఎండలోని అతినీలలోహిత కిరణాలను అడ్డుకునేది కూడా ఆ పొరే కాబట్టి, నెలనెలా దాన్ని అరగదీయడం రక్షణను తగ్గించుకోవడమే అవుతుంది. రక్షణ ఇచ్చేది వ్యాక్స్ (మైనపు పూత) లేదా సీలెంట్ (కృత్రిమ పూత). ఈ రెంటినీ పాలిష్ అయ్యాక విడిగా పూయాలి, మన ఎండలకు వ్యాక్స్ కొన్ని వారాల్లోనే బలహీనపడుతుంది కనుక మళ్లీ మళ్లీ వేయవలసింది దాన్నే. పాలిష్ మాత్రం పెయింటు మసకబారినప్పుడు, ఏడాదికి ఒకసారో అంతకంటే తక్కువగానో చేస్తే చాలు.

పాలిష్ ఎండలో ఇంకుతుందన్న మాటకు ఆధారం లేదు. గట్టిపడిన క్లియర్ కోట్‌లోకి అది ఇంకదు. రోహిణీ కార్తెలో మధ్యాహ్నం బెంజి సర్కిల్ దగ్గర నిలిపిన కారు బానెట్ మీద చేయి పెట్టలేము. అంత వేడి రేకు మీద పాలిష్‌లోని ద్రవం క్షణాల్లో ఆవిరై, మిగిలిన పొడి పెంకు కట్టుకుపోతుంది. దాన్ని ఊడదీయడానికి పడే శ్రమే కొత్త గీతలు తెస్తుంది. నీడలో, రేకు చల్లబడ్డాకే పని మొదలుపెట్టాలి.

బలంగా రుద్దడం గురించి కొంచెం వివరంగా చెప్పాలి, బాబాయిగారి బానెట్ పాడైంది ఇక్కడే. ఆయన కారును కడగకుండా, పొడిగుడ్డతో దుమ్ము దులిపి, పాత బనీను గుడ్డకు పాలిష్ అద్ది శక్తికొద్దీ రుద్దారు. మన ఊరి దుమ్ములో ఇసుక ఉంటుంది, ఇబ్రహీంపట్నం థర్మల్ కేంద్రం వైపు తిరిగే బండ్ల మీద బూడిద కూడా పడుతుంది, ఆ బూడిదలో ప్రధానంగా ఉండేవి సిలికా, అల్యూమినా. అంటే గుడ్డ కింద ఉప్పుకాగితం పెట్టి రుద్దినట్లయింది. షాంపూతో కడిగి, పూర్తిగా తుడిచి, మెత్తని ఫోమ్ స్పాంజి మీద శనగగింజలంత పాలిష్ చుక్కలు మూడు నాలుగు వేసుకుని, రెండడుగుల చదరం చొప్పున, ముందు నిలువుగా తరువాత అడ్డంగా, వేళ్ల ఒత్తిడి సమంగా ఉండేలా తేలికగా నడిపించాలి. పొరపాటున ఒక గీత పడినా నిలువు గీత కంటే గుండ్రటి గీతే ఎండలో ఎక్కువ కోణాల నుంచి కనిపిస్తుంది. తుడిచే మైక్రోఫైబర్ గుడ్డ నేల మీద పడితే ఉతికేదాకా మళ్లీ వాడకూడదు. నల్లటి ప్లాస్టిక్ అంచులకు పాలిష్ తగిలితే తెల్లమచ్చలు మిగులుతాయి కనుక ముందే టేపు వేసుకోవాలి.

టూత్‌పేస్టు పళ్ల కోసం తయారైంది. దాని రేణువుల పరిమాణం, గట్టిదనం పెయింటుకు తగినట్లు ఉండవు, అది త్వరగా ఎండిపోతుంది కూడా. పసుపెక్కిన హెడ్‌లైటు మీద కొన్నాళ్లు పనిచేసినట్లు అనిపించవచ్చు కానీ, కారు పెయింటు మీద దాన్ని ప్రయోగించవద్దు.

ఇక చేత్తో మెరిపించవచ్చన్న మొదటి మాటలో నిజం ఉంది, దాన్ని కాదనను. అనుభవం లేనివారికి మెషిన్ కంటే చెయ్యే క్షేమం, ఎందుకంటే ఒకేచోట నిలిచిన బఫింగ్ మెషిన్ పుట్టించే వేడికి అంచుల దగ్గర క్లియర్ కోట్ కాలిపోవచ్చు. అయితే చేతికి ఒక హద్దుంది. మసక, నీటిమచ్చలు, తేలికపాటి గీతలు పోతాయి, గోరుతో అడ్డంగా తడిమినప్పుడు గోరు తట్టుకునే గీత మాత్రం పోదు. పాలిష్ చేస్తుండగా గుడ్డకు కారు రంగు అంటుకుంటే వెంటనే ఆపాలి, ఆ కారుకు క్లియర్ కోట్ లేదని గాని, అక్కడ అది అరిగిపోయిందని గాని అర్థం. అటువంటప్పుడు ఆటోనగర్‌లో పెయింటు పని తెలిసినవారికి చూపించి, వీలైతే మందం కొలిచే మీటరుతో కొలిపించాకే తరువాతి పని నిర్ణయించుకోవడం మంచిది.

బాబాయిగారి బానెట్‌ను పోయిన ఆదివారం ఉదయం సెల్లారులో ఇద్దరం కలిసి కడిగి, సన్నరకం పాలిష్‌తో రెండుసార్లు చేశాం. సెల్‌ఫోన్ లైటు కింద సాలెగూడు చాలావరకు పలచబడింది. గోరుకు తగులుతున్న నాలుగు గీతలను అలాగే వదిలేసి, పైన వ్యాక్స్ పూశాం.