మేనత్త పొలం, పన్నెండు మాటలు

సంక్రాంతి వెళ్లిన వారానికి, నాలాగే అమెరికాలో ఉంటున్న నా పాత రూమ్మేట్ ఫోన్ చేశాడు. "ఒరేయ్, మా మేనత్త రెండెకరాలు నా పేర రాసి పోయిందిరా." ఆ గొంతులో సంతోషం లేదు, సిగ్గు ఉంది. ఆవిడకు పిల్లల్లేరు. వీడు ఆవిడతో మాట్లాడి నాలుగేళ్లు. దుగ్గిరాల దగ్గర పసుపు పండే మాగాణి. కబురు చెప్పింది వకీలు కాదు, ఆ పొలం కౌలుకు చేసే ఆయన. "అబ్బాయ్, అమ్మగారు వీలునామా రిజిస్ట్రీ చేయించారు, వచ్చి చూసుకో" అన్నాడట.

పొలం అమ్మేశాడు. డబ్బు ఎన్‌ఆర్‌ఓ ఖాతాలో (విదేశాల్లో ఉండేవాళ్లకు ఇండియా బ్యాంకులో ఉండే ఖాతా) పడ్డాక నన్ను అడిగాడు: "నువ్వు ఆ బిట్‌కాయిన్ గొడవలో ఉన్నావుగా, సగం అందులో పెట్టేయనా?"

ఇలా అడిగినవాళ్లకు నేను ఇదివరకు ఎలా చెప్పానో ముందు ఒప్పుకోవాలి. 2021 దీపావళి పాట్‌లక్‌లో, బిట్‌కాయిన్ ధర 60 వేల డాలర్లు దాటి ఉన్నప్పుడు, చేతిలో గారెల ప్లేటుతో గంటసేపు ఉపన్యాసం ఇచ్చాను. మొత్తం 2 కోట్ల 10 లక్షల డిజిటల్ నాణేలే ఉంటాయనీ, ఏ ప్రభుత్వమూ అదనంగా అచ్చువేయలేదనీ. విన్న ఆయన ఆ వారమే కొన్నాడు. ఏడాది తిరిగేసరికి బిట్‌కాయిన్ లాంటి క్రిప్టోలు కొని అమ్మే ఎఫ్‌టీఎక్స్ అనే ఎక్స్ఛేంజీ కూలింది, ధర 16 వేలకు వచ్చింది, భయపడి అమ్ముకున్నాడు. ఇప్పటికీ గుళ్లో చెప్పుల దగ్గర ఎదురుపడితే చూపు తిప్పుకుంటాడు. ఆయన తప్పేం లేదు. నేను చెప్పిన లెక్కలన్నీ నిజమే, చెప్పిన తీరే తప్పు.

అందుకని ఈసారి ముందు కాగితాల సంగతి చెప్పాను. వారసత్వపు డబ్బు ఎన్‌ఆర్‌ఓ ఖాతా నుంచి ఏడాదికి 10 లక్షల డాలర్ల దాకా తెచ్చుకోవచ్చు, దానికి పన్ను లెక్క తేలినట్టు బ్యాంకుకు ఇచ్చే ఫారాలు (అప్పట్లో 15సీఏ, 15సీబీ) ఉండాలి. ఇండియాలో ఉన్నవాళ్ల నుంచి వచ్చిన ఆస్తి లక్ష డాలర్లు దాటితే ఇక్కడి పన్నుల శాఖకు ఫారం 3520 వెయ్యాలి. దాని మీద పన్ను లేదు, చెప్పకపోతే మాత్రం నెలకు 5 శాతం చొప్పున 25 శాతం దాకా జరిమానా. "అక్కడే కొనేస్తే పోలా?" అన్నాడు. వద్దన్నాను. 2022 నుంచి అక్కడ క్రిప్టో లాభం మీద 30 శాతం పన్ను, అమ్మిన ప్రతిసారీ 1 శాతం టీడీఎస్, ఒకదాంట్లో వచ్చిన నష్టం ఇంకోదాని లాభంలో తీసెయ్యడానికీ లేదు. పైగా ఇక్కడి పన్ను ఎలాగూ ఉంటుంది.

ఆదివారం వాళ్లింటికి వెళ్లాను. 50 డాలర్లది కొనిపించి, ఫోన్లో వాలెట్ (దాన్ని దాచుకునే యాప్) పెట్టించి, ఫోన్ పోయినా మళ్లీ తెరుచుకునే తాళంగా అది ఇచ్చిన పన్నెండు ఇంగ్లీషు మాటలు పాత తిథుల క్యాలెండర్ కాగితం వెనక రాయించాను. రాయడం అయ్యాక, "ఇప్పుడు ఆ యాప్ తీసెయ్" అన్నాను. నా మొహం చూశాడు. "యాభై డాలర్లేరా, తీసెయ్." తీసేశాడు. మళ్లీ యాప్ దించి, కాగితం చూసి మాటలు ఒక్కొక్కటే కొట్టడం మొదలుపెట్టాడు. ఏడో మాట దగ్గర ఆగిపోయాడు. తన రాత తనకే అర్థం కాలేదు, అది యూ అక్షరమో వీ అక్షరమో. జాబితాలో ఉన్నవి 2048 మాటలే, మొదటి నాలుగక్షరాలు కుదిరితే చాలు కాబట్టి బయటపడ్డాడు. యాభై డాలర్లు తిరిగి కనపడ్డప్పుడు వాడి నుదుటి మీద చెమట.

వాళ్లావిడ గిన్నెలు తుడుస్తూ అంతా చూస్తోంది. "అన్నయ్యా, రేపు ఈయనకేమన్నా అయితే, ఈ కాగితంతో ఏం చెయ్యాలో నాకెవరు చెప్తారు?" అంది.

నేను చెప్పాల్సిందంతా ఆ అమ్మాయే అనేసింది. పొలం వీణ్ని వెతుక్కుంటూ సముద్రాలు దాటి వచ్చింది. అది ఎవరిదో కౌలు చేసే ఆయనకు తెలుసు, గట్టు పక్కవాళ్లకు తెలుసు, పట్టాదారు పాస్‌బుక్కులో ఉంది, రిజిస్ట్రారు దగ్గర వీలునామా ఉంది. నాలుగేళ్లు ఫోన్ చెయ్యని మేనల్లుణ్ని కూడా ఊరు వదల్లేదు. బిట్‌కాయిన్‌కి ఊరు లేదు. ఆ మాటలు తెలిసినవాడు పోతే అక్కడితో సరి. మన సభల్లో లాభాల కబుర్లు చెప్పేవాళ్లెవరూ ఈ మాట ఎత్తగా నేను వినలేదు.

ఎవరి తాళం వాళ్ల దగ్గరే ఉండాలని వాదించేవాణ్ని నేను. నావి అలాగే ఉన్నాయి. అయినా వీడికి మాత్రం, 2024 జనవరిలో అనుమతి వచ్చిన బిట్‌కాయిన్ ఈటీఎఫ్ (షేరులా కొనుక్కునే ఫండు) చాలన్నాను. బ్రోకరేజీ ఖాతాలో భార్య పేరు రాసుకోవచ్చు, మరణ ధ్రువపత్రం పట్టుకెళ్తే మాట్లాడ్డానికి అవతల ఓ మనిషి ఉంటాడు. తోటి బిట్‌కాయిన్ భక్తులు తిట్టుకుంటే తిట్టుకోనీ.

సగం కాదు, నాలుగు శాతం పెట్టాడు, అదీ ఆరు నెలలు ఆగి. మిగతాది అమెరికా ప్రభుత్వ ట్రెజరీ బిల్లుల్లో ఉంది. కొంత తీసి అత్త సంవత్సరీకానికి ఊరు వెళ్లొచ్చాడు. ఆ 50 డాలర్లు అలాగే వాలెట్లో ఉంచాడు, క్యాలెండర్ కాగితం వీలునామా నకలుతో పాటు ఒకే ఫైల్లో పెట్టాడు. మొన్న వాళ్లావిడ ఫోన్ చేసింది. యాప్ తీసేసి మళ్లీ తెచ్చుకోవడం తనకూ ఒకసారి చూపించాలట, ఆయన పక్కన లేనప్పుడు. వచ్చే ఆదివారం వెళ్తున్నాను.