మోవర్ సంగతి తర్వాత, ముందు మీ లాన్‌లో నిలబడి పైకి చూడండి

"వైర్ లేని రోబో మోవర్లలో ఏది బెస్ట్?" అని ఎవరడిగినా నాకు ముందు తిక్క రేగుతుంది, తర్వాత జాలేస్తుంది. ఆ ప్రశ్నకి జవాబు దానంతటదే తిరిగి గడ్డి కోసే ఆ మోవర్ల దగ్గర లేదు, మీ లాన్‌లో ఉంది. వీటిలో చాలావరకు శాటిలైట్ సిగ్నల్‌తో దారి తెలుసుకుంటాయి, అందుకే మీ లాన్‌లో అన్నిటికన్నా ఇరుకైన మూలకి వెళ్ళి తల పైకెత్తండి, ఎంత ఆకాశం కనిపిస్తోంది? అది చెప్పకుండా మోడల్ పేరు అడిగితే ఎవరైనా ఏం చెప్తారు, వాళ్ళు కొన్నది చెప్తారు, అంతే. వాళ్ళ లాన్ క్రికెట్ గ్రౌండ్‌లా ఉండి, మీది రెండు గోడల మధ్య పెద్ద చెట్టు కింద ఉంటే వాళ్ళకి బ్రహ్మాండంగా తిరిగే మిషన్ మీ దగ్గర రెండడుగులు వేసి ఆగిపోతుంది. అప్పుడు వాళ్ళనీ తిట్టుకుంటారు, కంపెనీనీ తిట్టుకుంటారు.

హస్క్‌వర్నా వాళ్ళు 1995లో సోలార్ మోవర్ అని ఒకటి తెచ్చారు, ఈ రోబో మోవర్ల కథ దాదాపు అక్కడే మొదలైంది. ఆ తర్వాత చాలా ఏళ్ళపాటు రోబో మోవర్ అంటే లాన్ చుట్టూ వైరు పాతాల్సిందే. ఆ వైరులో సన్నగా సిగ్నల్ పారుతుంటుంది, మిషన్ దాని దగ్గరకి రాగానే పసిగట్టి వెనక్కి తిరుగుతుంది. పాతడం నడుం విరిగే పని, అంత కష్టపడి పాతాక మొక్కకి గొయ్యి తీస్తూ ఎవరో పార వేస్తారు, ఠక్‌మని తెగుతుంది, ఎక్కడ తెగిందో వెతుక్కోవడం ఇంకో పెద్ద తంతు. అందుకే వైరు అక్కర్లేదు అనగానే జనం ఎగబడ్డారు, తప్పేం లేదు. కానీ ఆ వైరు ఊరికే పడి ఉండేది కాదు కదా, "ఇక్కడితో మన హద్దు అయిపోయింది" అని మిషన్‌కి చెప్పే పని చేసేది. వైరు పీకేసినంత మాత్రాన ఆ పని పోదు, ఇంకెవరో చెయ్యాలి. శాటిలైటా, కెమెరానా, లేజర్‌తో దూరాలు కొలిచే లైడారా, ఎవరు చేస్తున్నారన్నదే మీరు ఇంత డబ్బు పోసి కొనేది. రంగు, యాప్, హెడ్‌లైటు, అవన్నీ తర్వాత.

చాలా మోడల్స్‌లో ఉండేది ఆర్‌టీకే, అంటే శాటిలైట్ సిగ్నల్‌ని సవరించుకుంటూ తనెక్కడుందో తెలుసుకునే పద్ధతి. మన ఫోన్‌లో జీపీఎస్ ఎంత బాగా పనిచేసినా కొన్ని మీటర్లు అటూఇటూ చూపిస్తుంది. ఆ లెక్కన వదిలితే మోవర్ మీ గులాబీ మడిలోంచి వెళ్ళి పక్కింటి వాళ్ళ గడ్డి కోసొస్తుంది. అందుకని మీ ఇంటి దగ్గర కదలకుండా ఇంకో యాంటెన్నా పెడతారు, దాన్ని బేస్ స్టేషన్ అంటారు. అదీ మోవరూ ఒకే శాటిలైట్లని వింటాయి, జీపీఎస్, గెలీలియో, గ్లోనాస్, బైడూ ఏది దొరికితే అది. బేస్ కదలదు కాబట్టి సిగ్నల్‌లో వచ్చే తేడాలు దానికి తెలిసిపోతాయి, అవి మోవర్‌కి ఎప్పటికప్పుడు పంపిస్తుంటుంది. శాటిలైట్ నుంచి వచ్చే అల పొడవు దాదాపు 19 సెంటీమీటర్లు, ఆ అలలో తను ఎక్కడుందన్నది కూడా మోవర్ లెక్కేసుకుని తేడాని రెండు మూడు సెంటీమీటర్లలోకి తెచ్చేస్తుంది. నిజంగా గొప్ప విషయమే, ఒకప్పుడు సర్వే వాళ్ళ దగ్గర, పెద్ద రైతుల ట్రాక్టర్లలో మాత్రమే ఉండేది ఇది.

అయితే ఇదంతా ఆకాశం కనపడితేనే. ఆకులు దట్టంగా ఉన్న చెట్టు కింద సిగ్నల్ నీరసపడిపోతుంది. ఎత్తైన గోడ పక్కన ఇంకా ఘోరం, సిగ్నల్ గోడకి తగిలి తిరిగొస్తుంది, అది కొంచెం ఆలస్యంగా వస్తుంది, మోవర్ దాన్ని నమ్మేసి తను ఎక్కడో ఉన్నాననుకుంటుంది. అందుకే లాన్ మధ్యలో నిలబడి "ఆకాశం బాగానే కనిపిస్తోంది" అనుకుంటే కుదరదు, ఇంటి పక్క నుంచి వెనక్కి వెళ్ళే సందులో చూడండి, మామిడి చెట్టో మేపుల్ చెట్టో ఏదుంటే దాని మొదట్లో చూడండి. ఆకు రాల్చే చెట్లుంటే ఆకులు నిండుగా ఉన్నప్పుడు చూడాలి. మోడు కింద చూసి, సిగ్నల్ ఫుల్ అని మురిసిపోయి కొంటే గడ్డి బాగా పెరిగే కాలం వచ్చేసరికి పైన ఆకులూ వచ్చేస్తాయి, మోవర్ అక్కడే ఆగి బీప్ బీప్ అంటూ ఉంటుంది.

ఆ బేస్ స్టేషన్ స్తంభం గురించి అమ్మేవాళ్ళు ఒక్క ముక్క చెప్తారు, "ఎక్కడైనా పెట్టుకోవచ్చండి" అని. పెట్టుకోవచ్చు, కానీ పెట్టాక కదపకూడదు. మీ లాన్ మ్యాప్ మొత్తం ఆ యాంటెన్నా నుంచి కొలుచుకున్నదే. మా చుట్టాలింట్లో గోడకి రంగు వేయించేటప్పుడు పెయింటర్ దాన్ని పీకి పక్కన పెట్టి, పనయ్యాక మళ్ళీ బిగించాడు, పాపం చూసే బిగించాడు, ఓ జానెడు ఇవతలకి. మర్నాడు మోవర్ ఒక వైపు గడ్డి జానెడు వదిలేసింది, రెండో వైపు సరిగ్గా జానెడు లోపలికెళ్ళి బంతి మొక్కలు ఒక వరస మొత్తం నున్నగా కోసేసింది. ఎక్కడా తడబడలేదు, గీత గీసినట్టు. మిషన్ చెడిపోయిందని వాళ్ళు కంగారు, నిజానికి మిషన్ దాని లెక్క ప్రకారం పర్ఫెక్ట్‌గా కోసింది. గాలికి ఊగే సన్న పైపుకి ఆ యాంటెన్నా కట్టే వాళ్ళకి ఇది చదివి వినిపించండి.

స్తంభం లేకుండా మొబైల్ నెట్‌వర్క్ ద్వారా ఆ సవరణలు తెప్పించుకునే మోడల్స్ కూడా వచ్చాయి, మంచిదే, కానీ ఫ్రీగా ఇచ్చే కాలం అయిపోయాక దానికి ఏడాదికెంత కట్టాలో కొనేముందే అడగండి. పైనుంచి సూర్యుడు ఉండనే ఉన్నాడు. 2024 మేలో పెద్ద సౌర తుఫాను వచ్చినప్పుడు అమెరికాలో విత్తనాలు వేసే సీజన్ నడుస్తోంది, ఇదే ఆర్‌టీకే పెట్టుకున్న ట్రాక్టర్లు దారి తప్పి రైతులు పని ఆపుకోవాల్సి వచ్చింది. అలాంటివి రోజూ రావులెండి, భయపెట్టట్లేదు, శాటిలైట్ మీద బతికే దేనికైనా ఇది ఉంటుందని చెప్తున్నా.

కెమెరాతో నడిచేవి వేరే జాతి. వాటికి స్తంభం వద్దు, ఆకాశం వద్దు, గడ్డి ఎక్కడ అయిపోయిందో చూసి ఆగుతాయి. మీ లాన్ చుట్టూ రాళ్ళ బాటో, సిమెంటు గట్టో స్పష్టంగా ఉంటే చిన్న లాన్‌కి ఇంత సులువైంది లేదు. కానీ మీ గడ్డీ పక్కింటి గడ్డీ మధ్య కంచె లేకుండా కలిసిపోయి ఉంటే, పాపం కెమెరాకి ఏం తెలుస్తుంది, అంతా పచ్చగానే ఉంది కదా అని పోతూనే ఉంటుంది. ఎండకి గడ్డి మాడి గోధుమ రంగుకి తిరిగితే అది గడ్డో మట్టో తేల్చుకోలేక తంటాలు. చీకటి పడితే చాలావాటికి కళ్ళు కనపడవు.

లైడార్ అయితే లేజర్ కిరణాలు తిప్పుతూ చుట్టూ గోడలు, చెట్లు, ఇల్లు ఎంత దూరంలో ఉన్నాయో కొలుచుకుని దాన్నిబట్టి తనెక్కడుందో తెలుసుకుంటుంది. చీకటైనా పర్లేదు, చెట్ల కిందైనా పర్లేదు. తమాషా ఏంటంటే ఆర్‌టీకేకి ఇష్టమైన విశాలమైన మైదానమే దీనికి కష్టం, చుట్టూ కొలుచుకోడానికి ఏమీ లేకపోతే లేజర్ వెళ్ళి దేనికి తగలాలి? కాబట్టి గోడలూ చెట్లూ ఉన్న పాత ఇళ్ళ లాన్లకి లైడార్, బారుగా తెరుచుకుని ఉన్న లాన్‌కి ఆర్‌టీకే, సగం అదీ సగం ఇదీ అయితే రెండూ కలిపినవి. నా లెక్క ఇది.

రెండూ కలిపినవి అన్నాను కదా, అక్కడే అసలు మాయ. అట్టపెట్టె మీద పెద్ద అక్షరాలతో ఏఐ విజన్ అని ఉంటుంది. ఆ కెమెరా దేనికి? హద్దు తెలుసుకోడానికా, ఎదురుగా బంతి అడ్డొస్తే ఆగడానికా? ఈ రెండూ పూర్తిగా వేరు. అడ్డంకులు చూడ్డానికి మాత్రమే కెమెరా పెట్టి, దారి కోసం మొత్తం శాటిలైట్ మీదే ఆధారపడే మిషన్‌ని చెట్ల కింద వదిలితే ఆ కెమెరా వల్ల మీకు ఒరిగేదేం లేదు. "శాటిలైట్ పోతే ఎంతసేపు, ఎంత దూరం దానంతటది నడుస్తుంది?" అని అడగండి. సూటిగా జవాబు రాకపోతే అదే జవాబు అనుకోండి.

వాలు గురించి ఒక మాట. డబ్బా మీద 45 శాతం అని చూసి 45 డిగ్రీలు అనుకునేవాళ్ళు కోకొల్లలు. 45 డిగ్రీలంటే 100 శాతం వాలు, మనుషులే జారి పడతారు. 45 శాతం అంటే దాదాపు 24 డిగ్రీలే. ఒక మీటరు చెక్క తీసుకుని పై చివర నేలకి ఆనించి, లెవెల్‌గా పట్టుకుని, రెండో చివర కింద ఎంత ఖాళీ ఉందో కొలవండి, 35 సెంటీమీటర్లుంటే 35 శాతం, అంతే లెక్క. ఇంకోటి, లాన్ మధ్యలో ఎక్కగలిగే వాలు వేరు, హద్దు దగ్గర తట్టుకోగలిగే వాలు వేరు, చాలా మోడల్స్‌కి హద్దు దగ్గర బాగా తక్కువే రాస్తారు, అదీ మాన్యువల్‌లో లోపలెక్కడో. ఎందుకంటే తడి గడ్డి మీద తిరగబోయి జారితే నేరుగా కాలవలోకే. నాలుగు చక్రాలూ లాగేవి ఎక్కడానికి బాగుంటాయి, కానీ కొన్ని ఒక్కచోటే నిలబడి తిప్పుకుంటాయి, మెత్తటి నేలయితే అక్కడ గడ్డి లేచిపోయి బురద మిగులుతుంది. చదునైన లాన్‌కి అవి కొనడం దండగ, నన్నడిగితే.

విస్తీర్ణం అంకె కూడా అంత తేలిగ్గా నమ్మొద్దు. అది రోజుకి ఎన్ని గంటలు నడిస్తే వచ్చిన అంకె అన్నది చూడాలి. 24 గంటలూ కోస్తూ ఛార్జ్ అవుతూ తిరిగితే 1000 చదరపు మీటర్లు అని రాసుంటే, మీరు పగలు 12 గంటలే తిప్పితే సగమేగా. పగలే తిప్పాలి కూడా. యూరప్ తోటల్లో హెడ్జ్‌హాగ్ అని ముళ్ళతో ఉండే చిన్న ప్రాణి రాత్రిళ్ళు తిరుగుతుంది, ప్రమాదం వస్తే పారిపోదు, ముడుచుకుని కూర్చుంటుంది. 2021లో సోఫీ లండ్ రాస్ముసెన్ అనే డెన్మార్క్ పరిశోధకురాలి బృందం 18 మోడల్స్‌ని అప్పటికే చనిపోయిన హెడ్జ్‌హాగ్‌ల మీద పరీక్షిస్తే, తాకకుండా ముందే గుర్తుపట్టింది ఒక్కటీ లేదు. ఇప్పటి కెమెరాలు మెరుగే అయ్యుండొచ్చు, అయినా జర్మనీలో కొలోన్ లాంటి చోట్ల రాత్రి తిప్పడం నిషేధించేశారు. చప్పుడు రాదు కదా అని రాత్రి వదిలేసి పడుకునేవాళ్ళంటే నాకు ఒళ్ళు మంట. కప్పలూ అంతే, రాత్రే బయటికొస్తాయి.

ఇక గోడ పక్కన మిగిలే గడ్డి. బ్లేడు కాలికి తగలకూడదని బ్లేడ్లుండే డిస్క్‌ని లోపలికి పెడతారు, కాబట్టి గోడ వెంట ఒక పట్టీ ఎప్పుడూ మిగులుతుంది, దానికి ట్రిమ్మర్ పట్టుకోవాల్సిందే. గోడకీ గడ్డికీ మధ్య నేల మట్టానికి రాళ్ళ వరస పరిస్తే చక్రం దానిమీద నడిచి అంచు దాకా కోస్తుంది, ఆ ఖర్చు మోవర్ ఖర్చులోనే వేసుకోండి. మీ గడ్డి రకం కూడా చూసుకోవాలి. సెయింట్ ఆగస్టీన్ లాంటి గడ్డిని మూడు నాలుగు అంగుళాల ఎత్తులో ఉంచాలి, కొన్ని మోడల్స్ 60 మిల్లీమీటర్లకి మించి పైకి లేవవు, అవి కొంటే చేతులారా గడ్డిని చంపుకున్నట్టే. పొట్టిగా కోసినా బాగుండే బెర్ముడా గడ్డికి ఈ బాధ లేదు.

సెటప్ చిటికెలో అయిపోతుందన్న ప్రకటనలు చూస్తే నవ్వొస్తుంది. ఫోన్‌ని రిమోట్‌లా పట్టుకుని మోవర్ వెనకాల వంగి నడుస్తూ ప్రతి మడి చుట్టూ, ప్రతి చెట్టు చుట్టూ తిప్పి హద్దు గీయాలి, మధ్యలో ఫోనొస్తే ఖర్మ. వేసవిలో పిల్లల కొలను పెడితే మళ్ళీ మార్చాలి. అంత కష్టమేం కాదు, కానీ చిటికె కాదు.

ఇంకా, నెట్ లేకపోతే మిషన్ మీదున్న బటన్లతో కనీసం కోయించుకోగలమా, బ్యాటరీ మార్చుకోడానికి విడిగా దొరుకుతుందా, ఇంటి ముందు లాన్ అయితే దొంగ ఎత్తుకెళ్ళినా పిన్ లేకుండా పనిచెయ్యకుండా ఉంటుందా, ఇవి అడిగేసుకోండి, ఎక్కువ చెప్పను.

చాలామందికి నచ్చని మాట కూడా ఒకటుంది. చిన్న లాన్, చుట్టూ గోడలు, పైన చెట్టు, మధ్యలో ఇరుకు సందు, ఇలా ఉంటే వైరు మోడలే ఇప్పటికీ నమ్మకంగా నడుస్తుంది. దానికి ఆకాశంతో పన్లేదు, వెలుతురుతో పన్లేదు. ఇంకా చిన్నదైతే చేత్తో తోసే మోవర్ కొనుక్కోండి, టీ మరిగే లోపు అయిపోతుంది. కొత్తది కాబట్టి కొనాలని ఎక్కడా రూలు లేదు.

కొనే తీరాలనుకుంటే మాత్రం షాపు వాడి దగ్గర వాపసు గడువు రాయించుకోండి, ఆకులు నిండుగా ఉన్నప్పుడే కొనండి, తెచ్చిన మొదటి వారమే ఆ చెత్త మూలలో, ఆ సందులో, ఆ చెట్టు కింద వదిలి చూడండి. మధ్యలో ఎలాగూ బాగానే కోస్తుంది, దానికి పరీక్ష అక్కర్లేదు. వాపసు తీసుకోనంటే ఇంకో షాపు చూసుకోండి.