ఆరున్నరకి అన్నం

అమెరికాలో మా తెలుగు సంఘం ఉగాది వేడుకల ఆహ్వానంలో "సాయంత్రం 4 గంటలకు" అని వేస్తారు. జ్యోతి ప్రజ్వలన ఐదుంబావుకి. ఆపైన పంచాంగ శ్రవణం, చిన్నపిల్లల డాన్సులు, స్పాన్సర్లకి శాలువాలు, మళ్ళీ డాన్సులు. భోజనాల లైను కదిలేసరికి తొమ్మిదిన్నర. చిన్న కప్పుడు ఉగాది పచ్చడితో అప్పటిదాకా కూర్చున్న పిల్లలు వెండింగ్ మెషీన్ ఖాళీ చేసేసి ఉంటారు. పెద్దవాళ్ళం ఆ ఆకలి మీద బిర్యానీ, పులిహోర, రెండు బొబ్బట్లు, పైన గులాబ్ జామ్ లాగించి, పదకొండింటికి ఇల్లు చేరి పడుకుంటాం.

ఏడాదికి నాలుగుసార్లు జరిగేదాని గురించి ఇంత గొణుగుడా అంటారేమో. నాలుగుసార్లే అయితే ఈ వ్యాసం రాసేదాన్ని కాదు. మొన్నమొన్నటిదాకా మా ఇంట్లో రోజూ ఇదే వరస, ఉగాది పచ్చడి ఒక్కటే తక్కువ.

మేముండేది షికాగో శివార్లలో. మా ఆయన టీము సగం హైదరాబాదులో ఉంటుంది. వేసవిలో ఇక్కడ రాత్రి తొమ్మిదిన్నర అయితే అక్కడ పొద్దున ఎనిమిది. అందుకని ఎనిమిదిన్నరకి ల్యాప్‌టాప్ ముందు కూర్చుంటే పదిన్నరకి గానీ లేవరు. కంచం బేస్‌మెంట్‌లోకి పట్టుకెళ్ళి, మైకు మ్యూట్‌లో పెట్టి తినేవారు. మా అమ్మాయి స్కూలు నుంచి రాగానే పాలల్లో సీరియల్ పోసుకుని తినేది, ఇక రాత్రికి ఆకలి ఉండేది కాదు. మా వాడికి వీడియో గేమ్ ఆపినప్పుడే భోజనం. నేను మర్నాటి లంచ్ బాక్సులు సర్దుతూ, స్టవ్ పక్కన నిలబడి, గిన్నెలో మిగిలిన అన్నం పెరుగేసుకుని తినేదాన్ని. నలుగురం ఒకే కూర తినేవాళ్ళం, నాలుగు వేళల్లో.

2022లో మా ఆయన ఏవన్‌సీ, అంటే రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే రక్తపరీక్ష, 6.3 వచ్చింది. 5.7కి చేరితే ప్రీడయాబెటిస్, అంటే షుగర్‌కి ముందు మెట్టు, 6.5కి చేరితే షుగరే. మేం నమ్మలేదు. మనిషి సన్నగానే ఉంటారు, బీఎంఐ (ఎత్తుకి తగ్గ బరువు లెక్క) 24. క్లినిక్ గోడ మీద వేలాడదీసే చార్టు ప్రకారం 25 దాకా ఢోకా లేదు. అంతకుముందు మూడేళ్ళూ డాక్టరు "యూ లుక్ గ్రేట్" అని పంపించేశారు గానీ షుగర్ పరీక్ష రాయలేదు. ఆ చార్టు మన ఒళ్ళు చూసి గీసింది కాదని తర్వాత తెలిసింది. ఆసియా మూలాలున్నవాళ్ళకి బీఎంఐ 23కి చేరితే చాలు, షుగర్ పరీక్ష చేయాలని అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ 2015 నుంచీ చెబుతోంది. మనకి కొవ్వు చేతులూ కాళ్ళలో కనబడకుండా పొట్టలో, కాలేయం చుట్టూ పేరుకుంటుంది. తూకం యంత్రానికి అది తెలియదు, ప్యాంటు బెల్టుకి తెలుస్తుంది.

ఇక్కడి దక్షిణాసియావాళ్ళ మీద 2010లో మొదలైన అధ్యయనం ఒకటుంది. పేరు మసాలా. నిజంగానే ఆ పేరే, ఎవరో సరదా మనిషి పెట్టుంటారు. శాన్‌ఫ్రాన్సిస్కో బే ఏరియాలోనూ మా షికాగోలోనూ నలభై దాటినవాళ్ళని, తొమ్మిది వందల మందికి పైగా, చేర్చుకున్నారు. వయసు తేడాలు సర్ది లెక్క కడితే మనవాళ్ళలో 23 శాతం మందికి షుగర్ తేలింది. తెల్లవాళ్ళలో అది 6 శాతం. ఆ 23లో మా ఇంటి పెద్దమనిషి కూడా చేరబోతున్నాడని తెలిశాక మేమేం చేశాం? ట్రెడ్‌మిల్ కొన్నాం. దాని మీద ఇప్పుడు దుప్పట్లు ఆరేస్తున్నాం.

మా పద్ధతి మార్చింది డాక్టరూ కాదు, ట్రెడ్‌మిల్లూ కాదు. అత్తమ్మ.

నాది తెనాలి. ఆవిడది హన్మకొండ. రోజూ పొద్దున్నే వేయి స్తంభాల గుడి దాకా నడిచివెళ్ళి, దారిలో నలుగురిని పలకరించి, ఆకుకూర కట్ట చంకలో పెట్టుకుని వచ్చే మనిషి. ఆర్నెల్లు ఉందామని ఇక్కడికి వచ్చి, మొదటి రెండు వారాలు సోఫాలోంచి లేవలేదు. "అలా బయట తిరిగి రావచ్చు కదా అత్తమ్మా" అంటే, "ఏడికి పోవాలె బిడ్డా? ఈడ రోడ్డు మీద మనిషే కనబడడు" అంది. నిజమే. మా వీధిలో గరాజు తలుపు లేస్తుంది, కారు వస్తుంది, తలుపు దిగుతుంది. మనిషి కనబడడు.

ఆవిడకి సాయంత్రం ఆరున్నర, ఏడు మధ్య తినడం అలవాటు. ముందుగా వడ్డించి ఇస్తే రెండు ముద్దలు తిని పక్కన పెట్టేది. మూడు రోజులు చూసి అడిగాను. "ఒక్కదాన్నే తింటె ముద్ద దిగది బిడ్డా" అంది. అంతే. మా ఆయన ఆ మర్నాడే ఆరున్నరకి కంచం ముందు కూర్చున్నారు. డాక్టరు మాట ఏడాదిగా వినని మనిషి! అప్పుడు నాకు తట్టింది. ఎనిమిదిన్నర కాల్ ఆరున్నర భోజనానికి ఏనాడూ అడ్డం కాలేదు. మేమే దాని పేరు చెప్పుకుని అందరం చెల్లాచెదురయ్యాం.

ఇందులో వైద్యం ఏమిటంటే, పొద్దుపోయేకొద్దీ మన ఒంట్లో ఇన్సులిన్ పనితనం మందగిస్తుంది. అదే అన్నం రాత్రి పదింటికి తింటే రక్తంలో చక్కెర ఎక్కువ పెరుగుతుంది, ఎక్కువసేపు నిలుస్తుంది. తినగానే పడుకుంటే గుండెల్లో మంట సరేసరి. అదే తిన్న కాసేపటికి పదిహేను నిమిషాలు నడిస్తే కాలి కండరాలు ఆ చక్కెరని లాక్కుని వాడేసుకుంటాయి. దీనికి యాప్ అక్కర్లేదు, బూట్లు చాలు.

అన్నం గురించి కూడా ఒక మాట. వండిన తెల్లన్నం ఒక కప్పులో సుమారు 45 గ్రాముల పిండిపదార్థం ఉంటుంది. మా ఆయన కంచంలో అన్నం కొలిచి చూస్తే మూడు కప్పులు, పెరుగన్నం కాకుండా. మనకి కూర నంచుకోవడానికి మాత్రమే ఉంటుంది, బంగాళాదుంప వేపుడైతే అదీ పిండే. అన్నం మానేయమని నేను అనను. మానేసినవాళ్ళు మూడో వారం ఆవకాయ వాసనకి పడిపోవడం చూశాను. మేం గరిటెలు మార్చుకున్నాం. పెద్ద గరిటె కూరకి, పప్పుకి. చిన్నది అన్నానికి. మొదటి నాలుగు ముద్దలూ కూరా పప్పే తింటాం, అన్నం తర్వాత. కొందరు స్నేహితులు కొర్రలకి మారి, కొర్రలు కదా అని రెండింతలు తింటున్నారు. కొర్రలూ ధాన్యమేనండీ. పీచు కాస్త ఎక్కువ, అంతేగానీ పిండిపదార్థం ఎక్కడికీ పోదు.

ఆరున్నరకి అన్నం అనగానే ఆడవాళ్ళు నన్ను తిట్టుకుంటారని తెలుసు. అయిదున్నరకి ఆఫీసు నుంచి వచ్చి ఆరున్నరకి వడ్డించేది ఎవరు? మొదటి పది రోజులు నేనే పరుగులు పెట్టాను. పదకొండో రోజు గిన్నె కింద పెట్టి, నా వల్ల కాదన్నాను. కుటుంబ ఆరోగ్యం మీద రాసే వ్యాసాలన్నీ చివరికి ఇంటి ఇల్లాలికి ఇంకో పని అంటగట్టి ముగుస్తాయి. దీన్ని అలా కానివ్వను. ఇప్పుడు ఆదివారం కూరగాయలు తరగడం పిల్లల పని. మంగళ, గురువారాల వంట మా ఆయనది. గురువారం ఎప్పుడూ చారూ, కోడిగుడ్డు పొరుటే. ఎవరం నోరెత్తం.

నడక అత్తమ్మ కోసమే మొదలైంది. తినగానే ఆవిడని ఎవరో ఒకరు బయటికి తీసుకెళ్ళాలి కదా. పదిహేను ఇళ్ళు దాటి, చెరువులాంటిది ఒకటుంది, దాని చుట్టూ తిరిగి రావడం. ఒకరోజు నేనూ ఆవిడా వెళ్తున్నాం. ఎదురుగా బాతులు. వాటిని చూస్తూ మాట మధ్యలో, "గోలీలు సగం సగం ఏసుకుంటున్న బిడ్డా, ఆర్నెల్లకు సరిపోవాలె గద" అంది. బీపీ మాత్రలు. తెచ్చుకున్నవి నాలుగు నెలలకే వస్తాయట. ఇక్కడ మందులు ఖరీదని ఎవరో చెప్పారట, కొడుకుకి భారం ఎందుకని మాత్రలు విరిచి వేసుకుంటోంది. ఇంట్లో నేను రోజూ "మందులు వేసుకున్నారా?" అని అడిగేదాన్ని, రోజూ "ఏసుకున్న" అని చెప్పేది. అబద్ధం కూడా కాదు!

ఈ దాపరికం మన ఇళ్ళలో అన్ని వైపులా ఉంది. ఇండియాలో అమ్మానాన్నలు పడిపోయినా, స్టెంట్ వేసినా మనకి చెప్పరు, కంగారు పడతామని. మనకి ఉద్యోగం పోయినా వాళ్ళకి చెప్పం, బీపీ పెరుగుతుందని. శనివారం పొద్దున వీడియో కాల్‌లో అటూ ఇటూ "బాగున్నాం, బాగున్నాం". 2023లో మా ఆయన ఉద్యోగం పోయింది. అప్పటికి మేం హెచ్‌1బీ వర్క్ వీసా మీదే ఉన్నాం. కొత్త ఉద్యోగం చూసుకోవడానికి అరవై రోజుల గడువు. పిల్లలకి చెప్పొద్దనుకున్నాం. ఆయన రోజూ ఎనిమిదింటికి చొక్కా వేసుకుని బేస్‌మెంట్‌లోకి దిగేవారు. మూడో వారంలో మా అమ్మాయి ఆ చెరువు దగ్గరే నన్ను అడిగింది: "నాన్నకి నా మీద కోపమా?" మన టెన్షన్ పిల్లలకి తెలియకుండా దాచగలం అనుకుంటాం. టెన్షన్ తెలుస్తుంది. కారణం ఒక్కటే తెలియదు. ఆ కారణం వాళ్ళే అనుకుంటారు. ఆ రాత్రి నలుగురం కూర్చుని అంతా చెప్పుకున్నాం. ఉద్యోగం నలభై ఎనిమిదో రోజున దొరికింది గానీ, ఇంట్లో నిద్ర మాత్రం ఆ రాత్రి నుంచే పట్టింది.

కంచం ముందు ఎదురుగా కూర్చోబెట్టి "స్కూల్లో ఏమైంది?" అంటే పదహారేళ్ళ పిల్ల "నథింగ్" అంటుంది. పక్కపక్కన నడుస్తుంటే, చీకటి పడుతుంటే, అడక్కుండానే చెబుతుంది. అన్నీ నడకతో తీరతాయని చెప్పేంత అమాయకురాలిని కాదు. వారాల తరబడి లేవబుద్ధి కాకపోవడం, తిండి మీదా మనుషుల మీదా ఆసక్తి పోవడం, చచ్చిపోవాలనే మాటలు. ఇవి డాక్టరు చూడాల్సినవి. ఇలాంటివాటికి అమెరికాలో ఉన్న హెల్ప్‌లైన్ 988కి ఫోన్ చేసినా మెసేజ్ పెట్టినా ఏ వేళలోనైనా పలుకుతారు. ఆ నంబరు మా ఫ్రిజ్ మీద, పిజ్జా కూపన్ల పక్కనే ఉంది. పెళ్ళిచూపుల్లో బయటపడుతుందేమోనని పిల్లల డిప్రెషన్ దాచే తల్లిదండ్రులు మన మధ్య ఇంకా ఉన్నారు. వాళ్ళకి వినయంగా చెప్పేంత ఓపిక నాకు లేదు.

ఇక చలికాలం. డిసెంబరులో ఇక్కడ నాలుగున్నరలోపే సూర్యాస్తమయం. ఆరున్నరకి తిని బయటికెళ్తే ముక్కు ఊడిపోతుంది. జనవరి, ఫిబ్రవరి మా నడక కాస్ట్‌కో అనే పెద్ద స్టోర్లో. ఆరోగ్యం బాగానే ఉంది, క్రెడిట్ కార్డు బిల్లే పెరిగింది. కొన్ని రోజులు మానేశాం కూడా. శుక్రవారాలు ఇప్పటికీ పదింటికే తింటాం, పిజ్జా, సినిమా. తొమ్మిది నెలల తర్వాత మా ఆయన ఏవన్‌సీ 5.9. అది నడకా, చిన్న గరిటా, అత్తమ్మా అని వాటాలు పంచలేను.

మన సంఘం దగ్గరికి మళ్ళీ వస్తాను. ఏటా వేసవిలో ఫైవ్ కే, అంటే ఐదు కిలోమీటర్ల నడక పెడతాం. టీషర్టులు, డ్రోన్ ఫొటోలు, చివర్లో సమోసాలు. అదే రోజు హెల్త్ ఫెయిర్‌లో ఉచితంగా షుగర్ చూస్తారు, ఆ సమోసాలు తిన్నాక. తప్పు పట్టడం లేదు, ఆ సమోసాల స్పాన్సర్‌షిప్ తెచ్చిన కమిటీలో నేనూ ఉన్నాను. కానీ ఆ డబ్బులో పదో వంతు చాలు, ప్రతి పేటలోనూ పెద్దవాళ్ళని సాయంత్రాలు కలిపి నడిపించడానికి. ఇండియా నుంచి వచ్చిన తల్లిదండ్రులు పగలంతా తాళం వేసిన ఇంట్లో టీవీ చూస్తూ ఉంటారు. వాళ్ళ ఫోన్ నంబర్లతో ఒక వాట్సాప్ గ్రూపు పెడితే చాలు. మా సబ్‌డివిజన్‌లో, అంటే మా కాలనీలో, అత్తమ్మ ఉండగానే ఆరుగురు పోగయ్యారు. ఇద్దరికి తెలుగు కూడా రాదు, ఒకావిడ గుజరాతీ. చేతులతోనే మాట్లాడుకున్నారు.

రెండోది, వేడుకల్లో భోజనం ఆరున్నరకి పెట్టండి. మధ్యలో పెట్టండి. లైను మొదట్లో పప్పు, కూరలు, పెరుగు పచ్చడి ఉంచి, బిర్యానీ చివరికి జరపండి. మొదట ఏది కనబడితే దానితోనే కంచం నిండుతుంది. ఈ మాట మొన్న కమిటీ మీటింగులో అంటే, "అన్నం పెట్టేస్తే తిని అందరూ వెళ్ళిపోతారండీ, మిగతా ప్రోగ్రామ్ ఎవరు చూస్తారు?" అన్నారు. సబబైన భయమే. దానికి మందు కూడా చెప్పాను: చిన్నపిల్లల డాన్సులు భోజనాల తర్వాత పెట్టండి, ఏ తల్లి కదులుతుందో చూద్దాం. శాలువాలు భోజనాల ముందు కానిచ్చేయండి.

ఆలోచిస్తామన్నారు. ఈలోగా వచ్చే ఉగాదికి వడ్డనలో పప్పు దగ్గర నా పేరు రాసుకోమన్నాను. పెద్ద గరిటె నేనే తెస్తాను.