సిలబస్ గేటు దగ్గర తేలుతుందా?

హనుమకొండలో ఒక క్రైస్తవ డిగ్రీ కాలేజీ వచ్చే ఏడాది నుంచి బీఏలో అరబిక్, బైబిల్ స్టడీస్ రెండూ ఎత్తేస్తున్నామని నోటీసు పెట్టింది. ముందు ఏం జరిగిందో వరంగల్ పాఠకులకు మళ్లీ చెప్పక్కర్లేదు. ఈ కోర్సులు వద్దంటూ గేటు ముందు బయటివాళ్ల నినాదాలు, ప్రిన్సిపాల్ చేతిలో వినతిపత్రం, ఆ వెంటనే ఈ నోటీసు. కారణం 'పరిపాలనా సౌలభ్యం' అట. కోర్సులు పోవడం ఒక ఎత్తు, అవి పోయిన తీరు ఇంకో ఎత్తు. మాకు కోపం తెప్పించింది ఆ తీరే.

అది అటానమస్ కాలేజీ, అంటే సిలబస్ తానే నిర్ణయించుకునేది. ఏ సబ్జెక్టు ఉండాలి, ఏది తీసేయాలి అన్నది బోర్డ్ ఆఫ్ స్టడీస్ (సిలబస్ చూసే నిపుణుల కమిటీ) కూర్చుని చర్చించాలి, అకడమిక్ కౌన్సిల్ ఒప్పుకోవాలి. ఆ బోర్డులో యూనివర్సిటీ పంపిన నిపుణుడు కూడా ఉంటాడు. ఇక్కడ అలాంటి సమావేశమే జరగలేదు. కాలేజీతో ఏ సంబంధమూ లేనివాళ్లు గేటు దగ్గర నిలబడి సిలబస్ తేల్చేశారు, లోపలున్నవాళ్లు సంతకం పెట్టారు.

మతం చెప్పే పని కాలేజీకెందుకు, దీని చాటున మతమార్పిడి జరగదని గ్యారంటీ ఏంటి అని అడిగేవాళ్లున్నారు. అడగొచ్చు. కానీ జవాబు రాజ్యాంగం 28వ అధికరణంలోనే ఉంది. ప్రభుత్వ గుర్తింపు ఉన్న ఏ విద్యాసంస్థా విద్యార్థిని ఇష్టం లేకుండా మతబోధకు కూర్చోబెట్టకూడదు. బైబిల్ స్టడీస్ ఐచ్ఛికం, కావాలనుకున్నవాళ్లే తీసుకున్నారు. పైగా మతబోధ వేరు, ఒక మతం గురించి చదువుకోవడం వేరు. గురునానక్ జీవితం, బోధనల అధ్యయనం మతబోధ కిందికి రాదని సుప్రీంకోర్టు 1971లోనే డీఏవీ కాలేజీ కేసులో తేల్చింది, 2002లో అరుణా రాయ్ కేసులోనూ మతాల గురించి చదివించడం తప్పు కాదంది. తిరుపతి జాతీయ సంస్కృత విశ్వవిద్యాలయంలో ప్రభుత్వ డబ్బుతోనే ఆగమశాస్త్రం చెప్తున్నారు. చెప్పాలి కూడా. అక్కడ అది చదువైనప్పుడు, 30వ అధికరణం కింద తన సంస్థను తాను నడుపుకునే హక్కున్న మైనారిటీ కాలేజీలో బైబిల్ చదువు ఎందుకు కాదు?

ఇక అరబిక్. క్రైస్తవ కాలేజీలో ఈ భాషకేం పని అని ఎద్దేవా చేసినవాళ్లు తెలుసుకోవాల్సిన సంగతి ఒకటుంది. ఈజిప్టు, లెబనాన్, సిరియా క్రైస్తవులు ఆదివారం ప్రార్థన చేసుకునేది ఎక్కువగా ఆ భాషలోనే. 1930లో లాహోర్‌లో మొదలై ఇప్పుడు హైదరాబాద్‌లో ఉన్న హెన్రీ మార్టిన్ ఇన్‌స్టిట్యూట్ క్రైస్తవులు పెట్టిందే, ఇస్లాం అధ్యయనం కోసమే పెట్టింది. మన పక్కనే డోర్నకల్‌లో బిషప్ అజరయ్య కట్టించిన పెద్ద చర్చి గుమ్మటాలు మసీదును తలపిస్తాయి, లోపలి స్తంభాలు గుడిని తలపిస్తాయి. కాజీపేటలో దర్గా ఉంది, ఫాతిమానగర్‌లో చర్చి ఉంది. ఈ గడ్డ మీద ఇదేం వింత కాదు.

అసలు అరబిక్ అక్కర ఉత్తర తెలంగాణకు ఉన్నంతగా రాష్ట్రంలో ఇంకెవరికుంది? జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ పల్లెల్లో గల్ఫ్‌కు మనిషిని పంపని వాడకట్టు ఉండదు. ఏజెంటు ఇక్కడ డ్రైవర్ పని అంటాడు, అక్కడ దిగాక అకామా (అక్కడి నివాస అనుమతి కార్డు) మీద ఇంకేదో రాసి ఉంటుంది. సౌదీ కార్మిక చట్టం ప్రకారం కాంట్రాక్టు రెండు భాషల్లో ఉంటే చెల్లేది అరబిక్ ప్రతే. ఆ కాగితం ఫోటో వాట్సాప్‌లో ఇంటికొస్తే చదివిపెట్టే మనిషి కోసం ఊరూరూ తిరగాలి. జీతం ఆపేసిన కఫీల్ (వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న యజమాని) మీద ఫిర్యాదు పెట్టాలన్నా అరబిక్, ఖల్లివెల్లి అయి, అంటే యజమాని దగ్గర్నుంచి పారిపోయి కాగితాల్లేకుండా దాక్కున్నవాణ్ని ఇంటికి రప్పించాలన్నా అరబిక్. శంషాబాద్‌లో శవపెట్టె దించుకున్న రోజున భార్య చేతికొచ్చే కాగితాల్లో మొగుడు ఎలా చచ్చిపోయాడో రాసి ఉన్నది కూడా ఆ లిపిలోనే. ఆమె హిందువు కావచ్చు, క్రైస్తవురాలు కావచ్చు. ఆ కాగితం చదివి చెప్పగలిగే పిల్లలు నలుగురు తయారవుతున్న ఒక చోటును మూసేసి సౌలభ్యం అంటున్నారు!

చేరేవాళ్లు తక్కువ అని యాజమాన్యం ఇప్పుడు లోపాయికారీగా చెప్తోంది. అదే నిజమైతే నోటీసులో ఆ మాటే రాయాల్సింది, నినాదాలు మొదలవక ముందే రాయాల్సింది. మార్కుల కోసం సంస్కృతం తీసుకుని పరీక్ష అవగానే మర్చిపోయే పిల్లలు ఇంటర్‌లో వేలల్లో ఉన్నారు. ఇష్టపడి అరబిక్ తీసుకున్న పదిమందికి విలువ లేదా? రెండేళ్లు ఆ సబ్జెక్టు చదివిన అమ్మాయి మూడో ఏట కొత్తది మొదటినుంచి మొదలుపెట్టాలా? ఆమె టెన్షన్ ఎవరికి పట్టింది?

మా భయం ఈ రెండు కోర్సులతో ఆగేది కాదు. గేటు దగ్గర అరిస్తే సబ్జెక్టు పోతుందని ఒకసారి తెలిసింది. రేపు ఇంకో గుంపు ఇంకో కాలేజీకి వెళ్లి ఉర్దూ వద్దంటుంది, ఆ తర్వాత పరిణామవాదం వద్దంటుంది, ఫలానా కవి పాఠం తీసేయమంటుంది. కాదనే ధైర్యం ఏ ప్రిన్సిపాల్‌కు ఉంటుంది? హనుమకొండలో తీసేశారు కదా, మీకేం అని అడుగుతారు. ఆ మాటకు మన దగ్గర జవాబుండదు. ఇవాళ వినతిపత్రం ఇచ్చి గెలిచామనుకున్నవాళ్లకు కూడా రేపు వేరే గుంపు చేతిలో ఇదే గతి.

నోటీసు వెనక్కి తీసుకోవాలి. అడ్మిషన్లు మొదలయ్యేలోపు బోర్డ్ ఆఫ్ స్టడీస్‌ను కూర్చోబెట్టాలి. ఏది నిర్ణయించినా కారణాలు రాతపూర్వకంగా బయట పెట్టాలి. మైనారిటీ హక్కు అంటూ ఫీజుల దగ్గర, సీట్ల దగ్గర కోర్టు మెట్లెక్కే యాజమాన్యాలు అదే హక్కును పాఠం కోసం ఒక్క పూట కూడా నిలబెట్టుకోలేకపోతే ఆ హక్కు ఎందుకు? యూనివర్సిటీ అధికారులు ఇంతవరకు ఒక్క మాట మాట్లాడలేదు, తమ ప్రతినిధిని పిలవకుండానే కోర్సులు ఎత్తేశారని వాళ్లకు పట్టనే లేదు. ఇక ఏటా ప్రభుత్వం ఇచ్చే ఇఫ్తార్‌కు టోపీ పెట్టుకుని, క్రిస్మస్ విందులో కేకు కోసి ఫోటోలు దిగే మన ఓరుగల్లు నాయకులు, పార్టీ ఏదైనా సరే, ఒక్కరంటే ఒక్కరు ఆ కాలేజీ వైపు వెళ్లి పిల్లలతో మాట్లాడలేదు. ఓట్లప్పుడు ఆ పిల్లల ఇళ్లకే వెళ్తారు కదా, ఇప్పుడు వెళ్లండి.