తెల్లరంగు ముట్టుకుంటే మైలా?

వాటర్‌కలర్ నేర్పే చోట ఇప్పటికీ మొదటిరోజే వినిపించే మాట: తెల్లరంగు ముట్టుకోవద్దు, తెలుపు కావాలంటే కాగితాన్నే వదిలెయ్. ఈ మడి లెక్కన విలియం హెన్రీ హంట్ పరమ అనాచారి. పక్షిగూళ్లు వేసీ వేసీ ‘బర్డ్స్ నెస్ట్ హంట్’ అని పేరుపడ్డ ఈ మనిషే విక్టోరియన్ నీటిరంగుల వాళ్లలో అసలైన ఆలోచనాపరుడని నా వాదన.

1790లో లండన్‌లో ఓ రేకుపనివాడి ఇంట పుట్టాడు. కాళ్లు సరిగా ఉండేవి కావు. చిత్రకారుడు జాన్ వార్లీ దగ్గర శిష్యరికం, 1808లో రాయల్ అకాడమీ బడి, 1826లో నీటిరంగుల చిత్రకారుల సంఘంలో పూర్తి సభ్యత్వం, 1864లో మరణం. మొదట్లో ఆయనా అందరిలాగే గీత గీసి పైన పల్చటి రంగు పూసేవాడే. ఊళ్లు తిరగలేడు కనక బల్ల మీద పట్టే పళ్ల దగ్గరికీ గూళ్ల దగ్గరికీ చేరాడంటారు. అది సగం నిజం. మిగతా సగం రంగుల దుకాణంలో ఉంది.

1834లో విన్సర్ అండ్ న్యూటన్ అనే రంగుల కంపెనీ వాళ్లు ‘చైనీస్ వైట్’ అమ్మకానికి పెట్టారు. పేరుకే చైనా, సరుకు జింక్ ఆక్సైడ్. అంతకుముందు చిక్కగా పరుచుకునే తెలుపంటే సీసం (లెడ్) లోహంతో చేసిందే. నూనెరంగులో అయితే సీసాన్ని నూనె కాపాడుతుంది, నీటిరంగును పట్టి ఉంచే తుమ్మబంకకు ఆ శక్తి లేదు. బొగ్గుపొగలోనో మురుగువాసనలోనో ఉన్న గంధకం తగిలిందా, సీసం సల్ఫైడ్‌గా మారి నల్లబడుతుంది. మెరవాల్సిన చోటే మసి! బేరియం తెలుపు నల్లబడదు గానీ అడుగున ఉన్నదాన్ని దాచలేదు. జింకుకు గంధకం తగిలితే వచ్చే జింక్ సల్ఫైడ్ మాత్రం తెల్లగానే ఉంటుంది. చిక్కు వీడింది అక్కడ.

ఇక హంట్ చేసిన పని. గూట్లో నీలిగుడ్డు వెయ్యాలి. గుడ్డు ఉన్నంత మేర చైనీస్ వైట్‌ను కాస్త బంకతో మందంగా పెట్టి, రాయిలా ఆరనిస్తాడు. ఆ తర్వాత దానిమీద స్వచ్ఛమైన నీలం, ఒక్క తాకుతో. కుంచె రెండోసారి రుద్దితే కిందున్న తెలుపు లేచి నీలంలో కలుస్తుంది, గుడ్డు సుద్దముక్క అయిపోతుంది. బంక తక్కువైతే పొడి రాలుతుంది, ఎక్కువైతే బీటలిస్తుంది. పొర మరీ మందమైతే కాగితం వంగినప్పుడు పెచ్చులూడుతుంది. నాచుకైతే తెలుపును కుంచె గరుకుతో సహా ముద్దగా వదిలి, ఆరాక పైన పసుపూ ఆకుపచ్చా. పక్కనుంచి వెలుతురు పడితే ఆ ముద్దలకు నీడలు కూడా కనిపిస్తాయి.

ఇందులో తెలివి ఎక్కడుందంటే, కాంతి పైనున్న నీలంలోంచి దిగి, అడుగున తెలుపుకి తగిలి, మళ్లీ నీలంలోంచే బయటికొస్తుంది. శుద్ధ వాటర్‌కలర్‌లో కాగితం చేసే పని అచ్చంగా ఇదే కదా! హంట్ తనకు కావలసిన చోట, కావలసినంత మేర, కొత్త కాగితం తయారు చేసుకున్నాడు. అదీ అసలు కాగితం కంటే తెల్లనిది.

తెలుపు పడితే పారదర్శకత పోతుంది, అది పోస్టర్ రంగే అవుతుందని శుద్ధవాదుల మాట. తెలుపును రంగులో కలిపినప్పుడు నిజమే, రంగు చస్తుంది. హంట్ బలం కలపడంలో లేదు, కింద పరచడంలో ఉంది. కళావిమర్శకుడు రస్కిన్ అంతటివాడు ఆయన దగ్గర పాఠం చెప్పించుకున్నది ఊరికే కాదు.

అసలు గొడవ మన చరిత్ర రాతలోనే ఉంది. గురువెవరు, శిష్యుడెవరు అని గోత్రాలు చెప్పినట్టు చెప్పుకుపోతాం. హంట్ మీద ఏ వ్యాసం తీసినా వార్లీ పేరుంటుంది, జింకును దట్టమైన తెలుపుగా మార్చిన పనివాళ్ల ఊసుండదు. వార్లీ లేకపోయినా హంట్ ఇంకో గురువును వెతుక్కునేవాడు. ఆ తెలుపే లేకపోతే ఆయన గుడ్లు ఈపాటికి నల్లబడి ఉండేవి.

అతినీలలోహిత దీపం కింద జింకు తెలుపు పసుపుపచ్చగా మెరుస్తుంది. ఏ పూరేకు కింద, ఏ గుడ్డు కింద హంట్ ఈ తెలుపు పరిచాడో ఆ మెరుపులో పటం గీసినట్టు తెలుస్తుంది. ఫ్రేము పక్కన చీటీ మీద మాత్రం ‘వాటర్‌కలర్, బాడీకలర్ (తెలుపుతో చిక్కబడ్డ నీటిరంగు)’ అని రెండే మాటలు.